చిన్ననాటి గాయాలు – బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్

షుగరు, రక్తపోటు, బాలింతల ఆహారం, పాముకాటు గురించి ఇదివరకటి సంచికల్లో రాశాము. ఈసారి రాస్తున్న జబ్బు రక్తపరీక్షలో గాని, ఎక్స్‌రేలో గాని కనబడదు. దాని పేరు మీలో చాలామంది విని ఉండరు. కాని ఆ జబ్బుతో బాధపడే మనిషిని మాత్రం ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు.

2017 వేసవిలో ఒక రాత్రి 11 దాటాక 22 ఏళ్ళ అమ్మాయిని ఆటోలో మా క్యాజువాలిటీకి తీసుకొచ్చారు. (ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చి, ఆమె అనుమతితో రాస్తున్నాము.) తల్లి, మేనమామ వెంట ఉన్నారు. మాత్రలు మింగింది. అంతకుముందు 8 నెలల్లో రెండుసార్లు ఇలాగే వచ్చింది. మొదటిసారి అందరం పరుగెత్తాము. రెండోసారి కొంచెం నెమ్మదిగా కదిలాము. మూడోసారి డ్యూటీ సిస్టరు నోట వచ్చిన మొదటి మాట "మళ్ళీ వచ్చిందా?" అని. స్ట్రెచర్ మీద ఉన్న అమ్మాయికి ఆ మాట వినబడింది. పక్కనే ఉన్న మాకూ వినబడింది. మేము ఏమీ అనలేదు. మా మనసులోనూ అదే మాట ఉంది గనుక.

మేనమామ మమ్మల్ని పక్కకు పిలిచి, "కడుపునొప్పి అని రాయండి మేడమ్, పెళ్ళి కావలసిన పిల్ల, పోలీసులు ఇంటికొస్తే పరువు పోతుంది" అని బతిమాలాడు. తల్లి మాత్రం గోడకు ఆనుకుని నిలబడి ఒక్క మాటా మాట్లాడలేదు.

ప్రాణాపాయం తప్పింది. వార్డులో ఆమె ఉన్న 5 రోజులూ మా నర్సులకు పెద్ద పరీక్ష అయింది. మొదటి రాత్రి డ్యూటీ సిస్టరు ఆమె పక్కన కూర్చుని తల నిమిరి చాలాసేపు మాట్లాడింది. తెల్లారేసరికి "మీలాంటి మనిషిని నేనింతవరకు చూడలేదు సిస్టర్" అని చెయ్యి వదలలేదు. డ్యూటీ దిగేటప్పుడు ఆ సిస్టరు "రేపు నాకు ఆఫ్ అమ్మా, ఎల్లుండి వస్తాను" అని చెప్పిందో లేదో మొహం మారిపోయింది. "మీరూ అందరిలాంటివాళ్ళే, పొండి" అని అరిచి, చేతికున్న సెలైను సూది పీకి పారేసింది. పగటి డ్యూటీ సిస్టరును మధ్యాహ్నం వరకు నానామాటలు అంది. సాయంత్రానికి ఏమీ జరగనట్టే ఆమెతోనే నవ్వుతూ మాట్లాడింది. "నిజంగా చావాలని లేదు సిస్టర్, లోపల మంట ఆగితే చాలు" అంది.

మూడో రోజుకల్లా మా స్టాఫ్ రూములో రెండు పార్టీలు తయారయ్యాయి. "పాపం, దానికి ప్రేమ కరువైంది" అని ఒకరు. "అన్నీ నాటకాలు, మనల్ని ఆడిస్తోంది, త్వరగా పంపించెయ్యండి" అని ఇంకొకరు. ఎన్నో ఏళ్ళుగా కలిసి పనిచేస్తున్న ఇద్దరు సిస్టర్లు టీ దగ్గర కూడా మాట్లాడుకోవడం మానేశారు. ఒక్క రోగి గురించి నర్సులు తమలో తాము పోట్లాడుకుంటున్నారంటే ఈ జబ్బును అనుమానించవచ్చని తర్వాత సైకియాట్రీ డాక్టరమ్మగారు చెప్పారు. అప్పటికి మాకది తెలియదు. మేము డిప్లొమా చదివిన రోజుల్లో మా పుస్తకంలో ఈ జబ్బుకు నాలుగు లైన్లు మించి లేవు. "అటెన్షన్ కోసం చేస్తారు" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకునేవాళ్ళము. చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, కడుపు కడిగే గొట్టం వేసేటప్పుడు "ఈ బాధ గుర్తుంటే మళ్ళీ చెయ్యదులే" అనుకున్న రోజులు మా సర్వీసులో ఉన్నాయి.

పేరు ఎలా వచ్చింది

బోర్డర్‌లైన్ అంటే సరిహద్దు గీత. 1938లో అడాల్ఫ్ స్టెర్న్ అనే అమెరికా డాక్టరు కొందరు రోగులను గురించి రాస్తూ ఈ మాట వాడారు. మామూలు మానసిక ఆందోళనలకూ, పూర్తిగా మతి చెడే పెద్ద జబ్బులకూ మధ్య గీత మీద ఉన్నవారని ఆనాటి ఊహ. 1980లో అమెరికా సైకియాట్రిస్టుల సంఘం తమ జబ్బుల పట్టికలో దీన్ని ఒక జబ్బుగా చేర్చింది. ఇప్పుడు ఆ సరిహద్దు ఊహను ఎవరూ నమ్మరు గాని పేరు మాత్రం అలాగే మిగిలిపోయింది. పర్సనాలిటీ డిజార్డర్ అన్న మాట వినగానే ఇంట్లోవారు "అంటే మా పిల్ల స్వభావమే చెడ్డదా?" అని అడుగుతారు. కాదు. భావాలను అదుపులో పెట్టుకునే శక్తి దెబ్బతిన్న జబ్బు అని మేము చెబుతాము.

డాక్టర్ల పట్టికలో 9 లక్షణాలున్నాయి. వాటిలో కనీసం 5, చాలాకాలంగా ఉంటేనే ఈ జబ్బు అంటారు. తమను ఎవరో వదిలేసి పోతారనే భయం, అది నిజమైనా ఊహ అయినా సరే. ఇవాళ దేవతగా కనిపించిన మనిషి రేపటికి శత్రువైపోవడం. నేనెవరు, నాకేం కావాలి అన్నది నిలకడగా తెలియకపోవడం. గంటల్లో మారిపోయే మూడ్. లోపలంతా ఖాళీగా ఉన్నట్టుండటం. పట్టలేని కోపం, ఆ తర్వాత పట్టలేని సిగ్గు. ముందూ వెనకా చూడకుండా డబ్బు ఖర్చుపెట్టడం, తాగడం, బండి వేగంగా నడపడం లాంటివి. తమను తామే గాయపరచుకోవడం, చావబోవడం. మనసు మరీ ఒత్తిడికి లోనైనప్పుడు తాను తనలో లేనట్టు, అన్నీ కలలో జరుగుతున్నట్టు అనిపించడం.

ఇది చదివి మీ ఇంట్లో కోపిష్ఠి పిల్లకు ఈ పేరు పెట్టేయకండి. మా నర్సింగ్ విద్యార్థినులు ఈ పాఠం విన్న రోజు సగంమంది తమకే ఉందని వచ్చి చెబుతారు! పదహారేళ్ళ వయసులో మూడ్ మారని వారెవరు? సైకియాట్రిస్టు చూసి చెప్పవలసిన విషయమిది. ఆడవారికే వస్తుందనుకోవడం కూడా పొరపాటు. మగవారు తాగుడు, కొట్లాటల పేరు మీద పోలీసు స్టేషనుకు చేరతారు, ఆసుపత్రికి రారు. అంతే తేడా.

ఆ అమ్మాయికి ఏమి జరిగింది

నాలుగో రోజు డాక్టరమ్మగారు వచ్చి తలుపు వేయించి గంటసేపు కూర్చున్నారు. మేము కూడా గదిలో ఉన్నాము. "ఎందుకిలా చేశావు?" అని ఆమె అడగలేదు. ఆ ప్రశ్న మేమంతా అప్పటికి పదిసార్లు అడిగి ఉన్నాము. "నీకేం జరిగిందమ్మా?" అని అడిగారు.

ఆమెకు 8 ఏళ్ళప్పుడు తల్లి ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. అప్పులు తీర్చడానికి. మన జిల్లాల్లో ఇలాంటి ఇళ్ళు ఎన్ని లేవు? పిల్లను నాయనమ్మ దగ్గర వదిలింది. తండ్రి తాగేవాడు. "గేటు చప్పుడును బట్టి నాన్న ఎంత తాగాడో చెప్పేదాన్ని" అంది ఆ అమ్మాయి. ఆ ఇంటికి వరసకు బాబాయి అయ్యే మనిషి వచ్చిపోతుండేవాడు. ఆయన చేసిన పాడు పని రెండేళ్ళు సాగింది. ఒకరోజు ధైర్యం చేసి నాయనమ్మతో చెప్పింది. ముసలామె చెంప మీద కొట్టి, "ఇలాంటి మాటలు నోట రానిచ్చావంటే మీ అమ్మకు ఫోను చేసి చెబుతా" అంది. తర్వాత వారం తల్లి కువైట్ నుంచి ఫోను చేస్తే ఈ పిల్ల "బాగున్నానమ్మా" అని చెప్పింది. ఆ తర్వాత ఎవరితోనూ ఏమీ చెప్పలేదు, 13 ఏళ్ళు.

మేము గమనించినదేమంటే, ఆ మనిషి గురించి చెప్పేటప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది. నాయనమ్మ కొట్టిన దెబ్బ దగ్గరికి వచ్చేసరికి వెక్కి వెక్కి ఏడ్చింది.

పరిశోధనలు చెప్పేది

ఇది ఒక్క అమ్మాయి కథ అయితే ఇంత రాయనవసరం లేదు. 1989లో అమెరికాలో జూడిత్ హెర్మన్ అనే సైకియాట్రిస్టు, ఆమె సహచరులు ఈ జబ్బున్న 21 మందిని వారి బాల్యం గురించి వివరంగా అడిగారు. 81 శాతం మంది చిన్నతనంలో తీవ్రమైన గాయాలు అనుభవించారు. 71 శాతం మంది శారీరకంగా దెబ్బలు తిన్నారు, 68 శాతం మంది లైంగికంగా వేధింపబడ్డారు, 62 శాతం మంది ఇంట్లో పెద్దల హింసను కళ్ళారా చూశారు. 21 మంది అంటే చిన్న లెక్కే. కాని 1997లో మేరీ జనరీని బృందం ఆసుపత్రిలో చేరిన 358 మందిని అడిగితే 91 శాతం మంది వేధింపులను, 92 శాతం మంది నిర్లక్ష్యాన్ని చెప్పారు. 2020లో ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వారు అప్పటివరకు వచ్చిన 97 అధ్యయనాలను కలిపి చూశారు. జబ్బు లేనివారితో పోలిస్తే ఈ జబ్బున్నవారు చిన్ననాటి కష్టాలను చెప్పే అవకాశం దాదాపు 14 రెట్లు ఎక్కువని తేలింది. అందులో అన్నిటికంటే ముందున్నవి కొట్టడం కాదు, లైంగిక వేధింపు కూడా కాదు. మాటలతో మనసును హింసించడం, పట్టించుకోకపోవడం.

"నువ్వు పుట్టకపోయినా బాగుండేది", "నీ మొహం చూస్తేనే దరిద్రం" అని పిల్లలను తిట్టడం మన ఇళ్ళలో అలవాటు. తిట్టినవారు మర్చిపోతారు.

మన దేశంలో 2007లో కేంద్ర స్త్రీ శిశు సంక్షేమ శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగి ఒక పెద్ద నివేదిక ప్రచురించింది. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నారు. 53 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపును చెప్పారు. అలా చేసినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారు, నమ్మకమైన స్థానాల్లో ఉన్నవారు. ఎక్కువమంది పిల్లలు ఎవరికీ చెప్పలేదు. అప్పుడు పదేళ్ళున్న పిల్లలు ఇప్పుడు ముప్పైకి దగ్గరగా ఉన్నారు.

గాయం జబ్బుగా ఎలా మారుతుంది

మన మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే భాగం ఒకటి ఉంది. పాము కనబడగానే మనం ఆలోచించకముందే కాలు వెనక్కి తీయించేది అదే. ఆ హెచ్చరికను "ఆగు, అది తాడే" అని సర్దిచెప్పే భాగం నుదుటి వెనక ఉంటుంది. ఈ రెండో భాగం మెల్లగా, ఇరవై దాటేవరకు ఎదుగుతూ ఉంటుంది. రోజూ గేటు చప్పుడు కోసం చెవి ఒగ్గి పడుకునే పిల్లలో హెచ్చరించే భాగం అతిగా పదునెక్కుతుంది. సర్దిచెప్పే భాగానికి సరైన శిక్షణ దొరకదు. చిన్నప్పుడు అది ఆ పిల్లను కాపాడింది. పెద్దయ్యాక ఎవరైనా ఫోను ఎత్తకపోతే, సిస్టరు "రేపు ఆఫ్" అంటే అదే గంట మోగుతుంది.

ఏడ్చే పసిబిడ్డను తల్లి ఎత్తుకుని "ఆకలేసిందా నాన్నా, భయమేసిందా" అంటుంది చూడండి, అక్కడే బిడ్డ మొదటి పాఠం నేర్చుకుంటాడు. నాలో కలిగేదానికి ఒక పేరుంది, అది తగ్గుతుంది, తగ్గించేవారున్నారు అని. ఈ పాఠం దొరకని పిల్లకు ప్రతి బాధా పేరులేని మంటే. ఎవరి దగ్గరికి పరుగెత్తాలో వారే కొట్టేవారైతే ఇంకా కష్టం. దగ్గరికి పోవాలి, పారిపోవాలి, రెండూ ఒకేసారి. "పోండి" అని అరుస్తూనే చెయ్యి పట్టుకుని వదలకపోవడం అక్కడినుంచి వచ్చినదే. మేమది నాటకం అనుకున్నాము.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఈ జబ్బున్న ప్రతి ఒక్కరి ఇంట్లోనూ ఘోరం జరిగిందని కాదు. చిన్నతనంలో హింసకు గురైన పిల్లల్లో ఎక్కువమందికి ఈ జబ్బు రాదు. స్వీడన్ దేశంలో 18 లక్షలకు పైగా ప్రజల రికార్డులు పరిశీలించి, ఈ జబ్బు రావడంలో మనుషుల మధ్య తేడాకు వంశపారంపర్య లక్షణాలు సుమారు 46 శాతం కారణమని లెక్కగట్టారు. కొందరు పిల్లలు పుట్టుకతోనే చర్మం పలచగా ఉన్నవారిలా ఉంటారు, చిన్న మాట తగిలినా కందిపోతారు. అలాంటి పిల్లను మంచి తల్లిదండ్రులు కూడా "ఇంతదానికే ఏడుస్తావా, ఊరుకో" అని పదే పదే అంటే, తనకు కలిగే బాధ అబద్ధమేమో అని పిల్ల నమ్మడం మొదలుపెడుతుంది. అరిస్తేనే, చెయ్యి కోసుకుంటేనే ఎదుటివారు వింటారని నేర్చుకుంటుంది.

ఈ సంగతిని బాగా వివరించినవారు అమెరికాకు చెందిన మార్షా లీనహాన్ అనే సైకాలజిస్టు. ఈమె తయారుచేసిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ (డి.బి.టి. అంటారు) ఈ జబ్బుకు పేరుపొందిన చికిత్స. 1991లో ఆమె ప్రచురించిన మొదటి పరిశోధనలో, ఏడాదిపాటు ఈ చికిత్స పొందినవారు తమను గాయపరచుకోవడం, ఆసుపత్రిలో గడపవలసిన రోజులు తగ్గాయి. 2011లో, అప్పటికి 68 ఏళ్ళ వయసులో, ఆమె అందరి ఎదుట తన కథ చెప్పారు. 1961లో 17 ఏళ్ళ పిల్లగా ఆమె కనెక్టికట్ రాష్ట్రంలోని ఒక మానసిక ఆసుపత్రిలో చేరి 26 నెలలు అక్కడే ఉన్నారు. తనను తాను గాయపరచుకుంటుంటే ఒంటరి గదిలో పెట్టేవారు. కరెంటు షాకులు ఇచ్చారు, వేరే జబ్బు పేరు పెట్టి మందులు వాడారు. ఆమె మాత్రం ఆ నరకం నుంచి బయటపడితే మళ్ళీ వచ్చి మిగతావారిని బయటికి తీస్తానని మొక్కుకున్నారు. తన కథ చెప్పడానికి ఎంచుకున్న చోటు కూడా ఆ ఆసుపత్రే. ఆమె చేతుల మీది మచ్చల సంగతి అన్నేళ్ళూ బయటివారికి తెలియదు.

నయమవుతుందా?

అవుతుంది. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇంత రాశామనుకోండి. అమెరికాలో మెక్లీన్ ఆసుపత్రిలో 290 మంది రోగులను పదేళ్ళు వెంబడించి చూశారు. 93 శాతం మందిలో లక్షణాలు తగ్గి కనీసం రెండేళ్ళు తగ్గే ఉన్నాయి. అయితే ఉద్యోగం, స్నేహాలు, కుటుంబం అన్నీ నిలదొక్కుకున్నవారు సగం మందే. అంటే మంట ఆరిన తర్వాత కూడా ఇల్లు మళ్ళీ కట్టుకోవడానికి సాయం కావాలి.

ముఖ్యమైన వైద్యం మాటల వైద్యమే. వారం వారం ఒకే థెరపిస్టు దగ్గర, నెలల తరబడి. భావం ఉవ్వెత్తున లేచినప్పుడు దాన్ని దాటడం ఎలాగో నేర్పుతారు. మొహం మీద చన్నీళ్ళు చల్లుకోవడం, ఊపిరి మెల్లగా వదలడం, ఇప్పుడు నాలో ఉన్నది కోపమా, భయమా, సిగ్గా అని పేరు పెట్టడం లాంటివి. వినడానికి చిన్నవే. ఈత కూడా ఒడ్డున నిలబడి చూస్తే సులువే కదా! ఈ జబ్బును తగ్గించే ప్రత్యేకమైన మాత్ర ఏదీ లేదు. వెంట ఉన్న దిగులుకు, నిద్రలేమికి డాక్టరు మందులివ్వవచ్చు. ఆ మందులు వారానికి సరిపడా మాత్రమే తెచ్చి, వేరొకరి దగ్గర ఉంచండి. పొలం ఉన్నవారు పురుగుమందు డబ్బాలు ఇంట్లో పెట్టవద్దు. తాళం వేసి, దూరంగా, తాళంచెవి ఒక్కరి దగ్గరే.

డి.బి.టి. నేర్చిన థెరపిస్టులు మన చిన్న ఊళ్ళలో అరుదు. నిరుత్సాహపడకండి. బెంగళూరు నిమ్హాన్స్, హైదరాబాదు ఎర్రగడ్డ, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. దగ్గరి సైకియాట్రిస్టుతో మొదలుపెట్టవచ్చు. 2022 నుంచి టెలి మానస్ 14416 నంబరు ఉంది. పగలూ రాత్రీ, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు.

పోలీసు భయం గురించి. ఆ రాత్రి మేనమామ అడిగినట్టు మేము కడుపునొప్పి అని రాయలేదు. ఎం.ఎల్.సి. రాయడం ఆసుపత్రి బాధ్యత. కాని చావబోయిన మనిషిని దోషిగా చూసిన పాత సెక్షను 309 ఇప్పుడు లేదు. 2018లో అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం అటువంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించి సంరక్షణ ఇవ్వాలంటుంది. 2024 జులైలో వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో ఆ సెక్షను తీసేశారు. కాబట్టి భయపడి దాచి, ఇంట్లో ఉప్పునీళ్ళు తాగించి ఆలస్యం చేయకండి.

దయ్యం పట్టిందని తాయెత్తులు కట్టించేవారున్నారు. మన సంఘాల్లోనూ ఉపవాస కూడికలకు తీసుకుపోయేవారున్నారు. ప్రార్థన వద్దని మేమెందుకంటాము? కాని అందరి మధ్యా నిలబెట్టి "నీ పాపం ఒప్పుకో" అంటే, తన మీద ఎవరో చేసిన పాపాన్ని ఆ పిల్ల తనదే అని ఒప్పుకుని ఇంటికి పోతుంది. దయచేసి ఆ పని చేయకండి. పాస్టరు అయ్యగార్లకు, అమ్మగార్లకు ప్రత్యేకంగా మనవి.

పిల్లలు చెప్పినప్పుడు

సండే స్కూల్ టీచర్లు, తల్లులు ఇది జాగ్రత్తగా చదవండి. ఒక పిల్ల గాని పిల్లవాడు గాని "ఫలానావారు నన్ను ఇలా చేశారు" అంటే ముందు నమ్మండి. "నువ్వెందుకు వెళ్ళావు అక్కడికి?" అని అడగవద్దు. "చెప్పి మంచి పని చేశావు, తప్పు నీది కాదు" అని చెప్పండి. వయసు 18 లోపు అయితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతివారూ పోలీసులకు తెలియజేయాలి. పిల్ల పేరు, ఊరు బయటపెట్టడం నేరం. ఆసుపత్రిలో వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి. 1098కి ఫోను చేయవచ్చు. మనవాడే కదా అని పెద్దమనుషుల్లో కూర్చుని సర్దుబాటు చేయడం ఆ నాయనమ్మ కొట్టిన దెబ్బ లాంటిదే.

మా వార్డులో కొన్ని పద్ధతులు మార్చుకున్నాము. "మళ్ళీ వచ్చిందా" అన్న మాట నిషేధం. అటువంటి రోగి చేరితే వీలైనంతవరకు అదే ఇద్దరు సిస్టర్లకు అప్పగిస్తాము. ఎవరు ఎప్పుడు డ్యూటీ దిగుతారో, మళ్ళీ ఎప్పుడు వస్తారో ముందే కాగితం మీద రాసి మంచం దగ్గర పెడతాము. వస్తామన్న టైముకు తప్పక వెళతాము. ఒకరు కాదన్నది ఇంకొకరు అవునని చెప్పకుండా రిపోర్టు బుక్కులో రాసుకుంటాము. తిడితే "తిట్టవద్దమ్మా, పది నిమిషాల్లో మళ్ళీ వస్తాను" అని చెప్పి, పది నిమిషాల్లో మళ్ళీ వెళతాము. మరీ ముద్దు చేయము, మరీ దూరం పెట్టము. ఇంట్లోవారికీ ఇవే చెబుతున్నాము. జవాబు ఇవ్వలేని కోపం మీకొస్తే ఆ గదిలోంచి బయటికి రండి, కాని ఎంతసేపట్లో తిరిగి వస్తారో చెప్పి రండి.

మా కొత్త సిస్టర్లలో ఇద్దరు ఇదంతా అనవసరమైన గారాబం అంటారు. వారితో వాదన ఇంకా సాగుతూనే ఉంది.

ఆ తల్లి డిశ్చార్జి రోజున మా గదికి వచ్చింది. "నేను పోకుండా ఉంటే ఇది జరిగేది కాదు కదా మేడమ్?" అంది. ఏమి చెప్పాలో మాకు వెంటనే తోచలేదు. అప్పుల వాళ్ళు గుమ్మంలో కూర్చుంటే పోయిన తల్లి ఆమె. తప్పు చేసినవాడి తప్పు నీ నెత్తిన వేసుకోకమ్మా అన్నాము. "మీ అమ్మాయి చెప్పింది నమ్ముతున్నావా?" అని అడిగాము. "నమ్ముతున్నాను" అంది. "ఆ మాట దానితో చెప్పావా?" లేదు. అప్పుడు లేచి వార్డులోకి వెళ్ళింది. తలుపు దగ్గర మేము ఆగిపోయాము.

అమ్మాయి మూడేళ్ళకు పైగా చికిత్సకు వెళ్ళింది. మధ్యలో ఒకసారి మానేసింది, ఒకసారి మళ్ళీ మాత్రలు మింగింది. ఇప్పుడు ఒక బట్టల షాపులో లెక్కలు రాస్తోంది. కిందటి సంవత్సరం తల్లి కంటి ఆపరేషనుకు తోడు వచ్చి, ఫైలు ఆలస్యమైందని మా రిసెప్షను దగ్గర పెద్దగా అరిచింది. అరిచి బయటికి వెళ్ళిపోయింది. అరగంట తర్వాత తనే తిరిగి వచ్చి, కౌంటరు అమ్మాయితో "ఇందాక కోపం పట్టలేకపోయాను" అంది. తర్వాత మా గదిలోకి తొంగి చూసి, ఆ రాత్రి డ్యూటీ సిస్టరు ఇంకా ఇక్కడే పనిచేస్తోందా అని అడిగింది. ఆమె రిటైరయిందని చెప్పాము. నంబరు తీసుకుని వెళ్ళింది.

మన ఆసుపత్రి కౌన్సెలింగు గది ప్రతి మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం 2 నుంచి 4 గంటల వరకు తెరిచి ఉంటుంది. ఫీజు లేదు. ఓ.పి. చీటీ మీద జబ్బు పేరు రాయము. ఫార్మసీ పక్క సందులోంచి వేరే తలుపు ఉంది, వెయిటింగు హాల్లోంచి రానవసరం లేదు.